బలానికని పెట్టే గోధుమే పడకపోతే?

పిల్ల సన్నబడింది, తిన్నది ఒంటికి పట్టడం లేదు అనగానే మన ఇళ్ళలో చేసే పనులు కొన్ని ఉన్నాయి. అంగన్‌వాడీలో ఇచ్చిన సత్తుమావు రెండు పూటలా ఉండలు చేసి పెడతాం. పాలలో హార్లిక్స్ కలిపి ఇస్తాం. చూడ్డానికి వచ్చిన మేనమామ బ్రెడ్డు, బిస్కత్తు పొట్లాలు తెస్తాడు. జ్వరం తగిలితే బన్ను, రస్కు. మూత్రం మంటగా ఉందంటే బార్లీ గంజి. ఇవన్నీ మంచి మనసుతో పెట్టేవే, చాలామందికి పడేవే. అయితే ఈ వరుసలో ప్రతి ఒక్కదానిలోనూ గోధుమో బార్లీయో ఉంటుంది. వెయ్యిమందిలో ఏ ఒక్కరికో ఆ గోధుమే, ఆ బార్లీయే జబ్బుకు మూలం. బలం కోసం ఎంత పెడితే అంత నీరసించిపోతారు వాళ్ళు. ఆ జబ్బు పేరు సీలియాక్.

కావేరిపట్టణం నుంచి హోసూరు దాకా తరతరాలుగా రాగి సంగటి తిని బతికిన మనకు గోధుమ జబ్బుతో ఏం పని అనిపించవచ్చు. డాక్టర్లలో కూడా చాలామంది ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నారు. ఆ మాటను ఇప్పుడు మళ్ళీ తూచి చూడవలసిన అవసరం వచ్చిందని మా అభిప్రాయం.

ముందు జబ్బు సంగతి. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగడానికీ, పరోటా పొరలు పొరలుగా రావడానికీ కారణం అదే. సీలియాక్ ఉన్నవారిలో, గ్లూటెన్ కడుపులోకి వెళ్ళిన ప్రతిసారీ ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదికే తిరగబడుతుంది. చిన్నపేగు లోపలి గోడ టర్కీ టవలులా సన్నని కుచ్చులతో ఉంటుంది. తిన్నదానిలోని సారాన్ని పీల్చుకునేవి ఆ కుచ్చులే. దాడి జరిగేకొద్దీ అవి అరిగి, టవలు పాత పంచెలా నున్నగా అయిపోతుంది. ఇక ఇనుము, కాల్షియం, విటమిన్లు ఏవీ సరిగా ఒంటికి ఎక్కవు. ఇది అంటువ్యాధి కాదు. వేరుశనగ తింటే కొందరికి దద్దుర్లు వచ్చినట్టు వచ్చే ఎలర్జీ కూడా కాదు. జీవితాంతం ఉండే జబ్బు. మాత్ర లేదు. గ్లూటెన్ పూర్తిగా మానడం ఒక్కటే వైద్యం, మానితే మాత్రం పేగు మళ్ళీ కోలుకుంటుంది.

దీనికి గోధుమ కారణమని తెలిసింది కూడా ఒక కరువు పుణ్యమా అనే. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, హాలెండులో రొట్టె దొరకని రోజులు వచ్చాయి. దేశమంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ పడిపోవడం విలెమ్ కారెల్ డికె అనే పిల్లల డాక్టరు గమనించాడు. ఆయనకు అంతకుముందే గోధుమ మీద అనుమానం ఉండేది. 1950లో దాన్ని తన పరిశోధన గ్రంథంలో నిరూపించాడు.

మన దేశంలో ఈ జబ్బుకు "ఉత్తరాది జబ్బు" అని పేరు పడింది. పంజాబు, హర్యానా, ఢిల్లీ ఆసుపత్రుల్లో పిల్లల డాక్టర్లకు ఇది బాగా తెలుసు. దక్షిణాదిన విరేచనాలు, రక్తహీనత, బరువు తగ్గడం కనబడితే డాక్టరు ఆలోచన మరో దారిలో పోయేది. దానికి కారణం కూడా ఉంది. 1960ల మొదట్లో మన పక్కనే, అప్పటి ఉత్తర ఆర్కాటు పల్లెల్లో ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పట్టుకుంది. వేలూరు సీఎంసీలో సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ వంటి వైద్యులు దాని మీద చేసిన పని ప్రపంచమంతా చదివింది. అందులోనూ పేగు కుచ్చులు అరుగుతాయి, అందులోనూ మనిషి చిక్కిపోతాడు. దానికి మందు ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. దానికి తోడు కడుపులో క్షయ, నులిపురుగులు. ఇన్ని ఉండగా, బియ్యం తినే మనిషికి గోధుమ జబ్బు ఉందేమో అని అడగడం ఎవరికి తడుతుంది?

ఆ ఆలోచనను గట్టిగా కదిపిన అధ్యయనం 2016లో అచ్చయింది. ఢిల్లీ ఎయిమ్స్, వేలూరు సీఎంసీ వైద్యులు కూడా పాల్గొన్న ఆ పనిలో ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాది ప్రాంతాల నుంచి ఆరోగ్యంగా కనబడే 23,331 మంది పెద్దవాళ్ళ రక్తం పరీక్షించారు. సీలియాక్ గుర్తులు రక్తంలో ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో తేలాయి. అంటే ఉత్తరాదిన నూటికి ఒకరు, మన దగ్గర వెయ్యికి ఒకరు. ఇంతవరకు చదివి ఆపేస్తే "చూశారా, మనకు లేదు" అని ఊరుకోవచ్చు. దాని పక్కనే ఇంకో రెండు లెక్కలున్నాయి. ఈ జబ్బు రావాలంటే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యువు ఉండాలి. అది మూడు ప్రాంతాల్లోనూ నూటికి ముప్పై మందికి పైగానే ఉంది, దక్షిణాదిన తక్కువేమీ కాదు. తేడా అంతా పళ్ళెంలో కనబడింది. ఉత్తరాదిన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, ఈశాన్యంలో 37 గ్రాములు, దక్షిణాదిన 25 గ్రాములు.

ఈశాన్యం లెక్క చూస్తే కథ అంత సులువు కాదని కూడా తెలుస్తుంది. అక్కడా గోధుమ తక్కువే, జబ్బు గుర్తులు మాత్రం దక్షిణాది కంటే ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువ. కాబట్టి గోధుమ పెరిగితే జబ్బు అదే లెక్కన పెరుగుతుందని ఎవరూ రాసివ్వలేరు, మేమూ చెప్పడం లేదు. కానీ ఒంట్లో విత్తనం ఉంది, ఇప్పుడు నీళ్ళు పెడుతున్నాం అన్నది మాత్రం కాదనలేం.

వెయ్యికి ఒకరు అంటే ఎంతమంది? 2011 జనాభా లెక్కల్లో కృష్ణగిరి జిల్లా జనం 18,79,809. ఆ అధ్యయనం పెద్దవాళ్ళ మీద చేసింది కనుక ఇది ఉజ్జాయింపే అయినా, ఆ లెక్కన మన జిల్లాలోనే పద్దెనిమిది వందల మందికి పైగా ఉండాలి. వాళ్ళలో తమకు జబ్బు ఉందని తెలిసినవాళ్ళు ఎందరో మీ చుట్టుపక్కల ఒకసారి తలచుకొని చూడండి. మిగిలినవాళ్ళు రక్తం తక్కువ అని, గ్యాసు అని, దిష్టి అని, పుట్టుకే అంత అని మందులు మింగుతూ ఉండాలి.

ఇక నీళ్ళు పెట్టడం సంగతి. మన తాతల కాలంలో గోధుమ పండుగ పూట ఒబ్బట్టుకో, జ్వరం పూట రొట్టెకో పరిమితం. ఇవాళ రేషన్ అంగట్లో బియ్యంలో కొంత భాగానికి బదులు గోధుమలు తీసుకోవచ్చు. షుగరు ఉందని తెలిసిన ప్రతి ఇంట్లోనూ రాత్రి అన్నం పోయి చపాతీ వచ్చింది, పెద్దాయన కోసం చేసిన చపాతీ ఇంటిల్లిపాదీ తింటున్నారు. రోడ్డు పక్కన పరోటా అంగడి లేని ఊరు మన జిల్లాలో లేదు. హోసూరు ఫ్యాక్టరీల షిఫ్టులకు వెళ్ళే పిల్లలు పొద్దున టీ, బన్ను, రాత్రి గోబీ మంచూరియా, నూడుల్స్ మీద బతుకుతున్నారు. ఈ 25 గ్రాముల లెక్క మన ఊళ్ళలో ఎప్పుడో దాటిపోయిందని చెప్పడానికి సర్వే అక్కర్లేదు, సాయంత్రం ఆరు గంటలకు బస్టాండులో నిలబడితే చాలు.

వీటికి తోడు ప్రభుత్వం పెట్టే తిండి. ముఖ్యమంత్రి అల్పాహార పథకం 2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలై, 2023 ఆగస్టు 25 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ, తర్వాత ఎయిడెడ్ బడులకూ వచ్చింది. ఖాళీ కడుపుతో బడికి వచ్చే పిల్లలకు అది ఎంత మేలు చేస్తోందో మన తెలుగు బడుల అయ్యవార్లను అడిగినా చెబుతారు. దాని మీద మాకు ఫిర్యాదు లేదు. కానీ పథకం మొదలైనప్పటి పట్టిక చూడండి: బుధవారం పొంగలి, మిగతా రోజులు ఉప్మా, కిచిడీ. ఉప్మా అంటే బొంబాయి రవ్వ, సేమ్యా, గోధుమ రవ్వ, లేదా బియ్యపు రవ్వ. నాలుగింటిలో మూడు గోధుమవే. అంతకంటే ముందు, ఆరు నెలల పసిబిడ్డ నుంచీ అంగన్‌వాడీలో ఇచ్చే సత్తుమావులోనూ వేయించిన శనగపప్పు, బెల్లం, రాగులతో పాటు గోధుమపిండి ఉంటుంది. సీలియాక్ బయటపడే వయసుల్లో ఒకటి సరిగ్గా అదే, పాలు తగ్గించి గోధుమ అలవాటు చేసే వయసు. బరువు తగ్గిన బిడ్డకు ఇంకాస్త తినిపించమంటారు. తూకం మళ్ళీ తగ్గితే తల్లికే చివాట్లు, పెట్టడం లేదని.

అంగన్‌వాడీ తూకం పుస్తకంలోనే ఈ జబ్బు మొదట కనబడగలదు. బిడ్డ ఆరు, ఏడు నెలల దాకా బాగా ఎదిగి, గోధుమ మొదలయ్యాక కొన్ని నెలలకు గీత కిందికి వంగితే, పొట్ట ఉబ్బి చేతులు కాళ్ళు సన్నబడితే, విరేచనం జిగటగా వాసనగా వస్తుంటే, బిడ్డ చిరాకుగా ఉంటుంటే, అప్పుడు ఆ ప్రశ్న వేయాలి. పెద్ద పిల్లల్లో విరేచనాలు లేకపోయినా జబ్బు ఉండవచ్చు. పొడుగు పెరగకపోవడం, పళ్ళ మీద పింగాణీ పొర సరిగా రాకపోవడం, నోటిపూత మాటిమాటికీ రావడం, ఆడపిల్ల పెద్దమనిషి కావడం ఆలస్యం కావడం. పెద్దవాళ్ళలో అయితే ఎముకలు గుల్లబారడం, గర్భం నిలవకపోవడం, మోచేతుల మీద, మోకాళ్ళ మీద, పిరుదుల మీద విపరీతమైన దురదతో నీటి పొక్కులు లేవడం. ఆ పొక్కులు ఈ జబ్బుకే చర్మం మీది రూపం, ఎన్ని పూతమందులు రాసినా గోధుమ మానితే గాని పోవు.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది రక్తహీనత. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తం తక్కువే, కాబట్టి అది ఎవరికీ వింత కాదు. ఇనుము మాత్రలు ఇస్తారు, చాలామందికి కుదురుతుంది. నెలల తరబడి మాత్రలు సరిగా మింగినా హిమోగ్లోబిన్ కదలని మనిషి గురించి మేము అడుగుతున్నాం. ఇచ్చిన ఇనుము ఎక్కడికి పోతోంది? పేగు పీల్చుకోవడం లేదేమో చూడాలి కదా. "నువ్వు మాత్రలు పారేస్తున్నావు" అని గద్దించేముందు ఒక రక్తపరీక్ష రాయవచ్చు.

ఆ పరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. దానితో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడమనాలి, ఎందుకంటే కొందరి ఒంట్లో ఐజీఏయే తక్కువగా ఉండి పరీక్ష తప్పు చూపిస్తుంది. అది ఎక్కువ వస్తే సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి గోరంత ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక, ఈ వ్యాసంలో ఇదొక్కటి గుర్తున్నా చాలు: పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా గోధుమ మానకండి. యూట్యూబులో చూసి, ఎవరో చెప్పారని ముందే మానేస్తే పేగు కొంత కోలుకుంటుంది, రక్తంలో గుర్తులు తగ్గిపోతాయి, పరీక్ష "ఏమీ లేదు" అంటుంది. జబ్బు ఉందో లేదో తేలక ఆ మనిషి సగం పథ్యంతో జీవితమంతా గడపాలి. కడుపు ఉబ్బరం ఉన్న ప్రతివాళ్ళకూ ఇది ఉండదు, చాలామందికి ఉండదు. ఊరికే గ్లూటెన్ మానడం ఈమధ్య నగరాల్లో ఒక ఫ్యాషన్ అయింది. దానివల్ల అసలు జబ్బున్నవాళ్ళ మాటకు కూడా విలువ తగ్గుతోంది. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది" అని పెళ్ళిపందిట్లో బలవంతం చేసేది అందుకే.

ఈ జబ్బు ఒంటరిగా రాకపోవచ్చు. రక్షణ వ్యవస్థ తిరగబడే జబ్బులు గుంపుగా తిరుగుతాయి. చిన్నప్పుడే ఇన్సులిన్ అవసరమయ్యే టైప్ 1 షుగరు, థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే హషిమోటో జబ్బు ఉన్నవాళ్ళలో సీలియాక్ మిగతావాళ్ళ కంటే ఎక్కువ. టైప్ 1 షుగరు పిల్లలకు జబ్బు తెలిసినప్పుడు ఒకసారి, ఆ తర్వాత రెండేళ్ళకు, ఐదేళ్ళకు సీలియాక్ పరీక్ష చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మన ఊళ్ళలో జరిగేది వేరు. షుగరు అనగానే అన్నం తగ్గించి చపాతీ పెట్టమంటారు. ఆ బిడ్డకు సీలియాక్ కూడా ఉంటే, చపాతీ పేగును పాడు చేస్తుంది, తిన్నది ఎంత ఒంటికి ఎక్కుతుందో తెలియదు, ఇన్సులిన్ మాత్రం లెక్క ప్రకారం పొడుస్తాం. షుగరు హఠాత్తుగా పడిపోయి పిల్లవాడు తెల్లబోతాడు. థైరాయిడ్ మాత్రదీ అదే తంతు: మోతాదు పెంచుతూ పోయినా టీఎస్‌హెచ్ దిగకపోతే, మాత్ర పేగులో ఇంకడం లేదేమో అని కూడా ఒకసారి అనుమానించాలి.

ఇంత చెప్పాక మన అదృష్టం సంగతి కూడా చెప్పాలి. పంజాబు ఇంట్లో ఈ జబ్బు వస్తే పళ్ళెం మధ్యలో ఉన్న రొట్టెనే తీసేయాలి. మనకు ఆ బాధ లేదు. బియ్యం, రాగి, సజ్జ, జొన్న, కొర్ర, సామ, అన్ని పప్పులు, వేరుశనగ, పాలు, గుడ్లు, మాంసం, కూరగాయలు, మన మామిడి, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. ఇంట్లో రుబ్బిన ఇడ్లీ, దోసె, పొంగలి, సంగటి, ఊరుబిండి, పప్పు, పెరుగన్నం. నగరంలో వందలు పోసి కొనే గ్లూటెన్ లేని రొట్టె మనకు అక్కర్లేదు. డెంకణికోట, అంచెట్టి, తళ్ళి మెట్టచేలలో వాన మీద పండే రాగే ఈ జబ్బున్నవాళ్ళకు పథ్యమూ, ఇనుమూ, కాల్షియమూ.

మన చిక్కు వేరే చోట ఉంది. గోధుమ మన పళ్ళెంలో అంచున ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. ఇంగువ తీసుకోండి. అంగట్లో దొరికే ముద్ద ఇంగువ, పొడి ఇంగువ చాలావరకు అచ్చమైన ఇంగువ కాదు, మైదానో బంక పొడినో బియ్యప్పిండినో కలిపి చేసింది. మైదా కలిపినదైతే సాంబారు, రసం, మజ్జిగ, ఊరగాయ, గుడిలో పెట్టే పులిహోర, అన్నిటిలోకీ ఆ చిటికెడు వెళుతుంది. డబ్బా వెనక చదివి బియ్యప్పిండితో చేసింది కొనాలి, లేదా ఇంగువ మానేసి వెల్లుల్లితో పోపు పెట్టుకోవాలి. రవ్వ అన్న మాట ఇంకో గోతి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది. హోటల్లో రవ్వదోసె, రవ్వ ఇడ్లీ రెండూ పనికిరావు. మన బజారు నిప్పట్టులో బియ్యప్పిండికి కరకర కోసం మైదా కలిపారేమో అడిగి తెలుసుకోవాలి. రాగి పేరు చూసి మోసపోవద్దు: రాగి సేమ్యా, రాగి బిస్కత్తు పొట్లం వెనక చదివితే గోధుమపిండో మైదానో కనబడుతుంది. కొన్న మాల్టు పొడుల్లో బార్లీ ఉండవచ్చు, ఇంట్లో మొలకెత్తించి విసిరిన రాగిపిండికి ఆ భయం లేదు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే అప్పం గోధుమదే, పాస్టరుగారితో ముందే మాట్లాడుకోవాలి.

వీటన్నిటికంటే తలకు తట్టనిది పిండి మిషను. ఊరంతటికీ ఒకటే మిషను. ముందు మనిషి గోధుమలు ఆడించుకొని వెళ్ళాడు, వెనకే మన రాగులు పోశారు. మొదట వచ్చే పిండిలో అతని గోధుమ మన డబ్బాలో పడుతుంది. మామూలు ఇంటికి అదేం పట్టింపు లేదు, సీలియాక్ ఉన్న ఇంటికి అదే రోజూ విషం. గ్లూటెన్ లేనిది అని అచ్చు వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన ఆహార ప్రమాణాల సంస్థ నియమం. కిలో పిండిలో 20 మిల్లీగ్రాములంటే చేతి మీద కూడా కనబడదు. ఇంట్లో చిన్న పిండి మిషను కొనుక్కోగలిగితే మంచిది. లేదంటే మిషను అతనికి విషయం చెప్పి, పొద్దున్నే దులిపి తుడిచాక, ముందు ఒక శేరు బియ్యం ఆడించి ఆ పిండి పక్కన పెట్టి, తర్వాత మన రాగులు పోయించాలి. అదీ నమ్మకమైన పద్ధతి కాదు, ఏమీ చేయకపోవడం కంటే మేలు. రాగులు కూడా ఏరుకొని కడిగి ఎండబెట్టాలి, గోధుమ గింజలు కలిసే అవకాశం ఉంటుంది. ఇంట్లో చపాతీ పెనం, పిండి జల్లెడ, కొయ్య గరిటె ఆ మనిషికి వేరుగా ఉండాలి.

పొట్లాల మీద రాసేది చదవడం మన ఇళ్ళలో ఇంకో అడ్డు. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ, బార్లీ వంటివి ఉంటే ఆ మాట విడిగా ప్రకటించాలి. మంచి నియమమే. ఆ ప్రకటన ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. వంట చేసే అవ్వకు తెలుగు మాట వచ్చు, తమిళ అక్షరం వచ్చు, ఇంగ్లీషు రాదు. అక్షరాలు ఆవగింజంత. విడిగా తూచి అమ్మే సరుకుకు ఆ పొట్లమూ ఉండదు. బడికి వెళ్ళే మనవరాలి చేత "వీట్", "మైదా", "సూజీ", "బార్లీ", "మాల్ట్" అనే అయిదు మాటలు ఆ అక్షరాల్లో ఒక అట్టముక్క మీద పెద్దగా రాయించి వంటింట్లో తగిలించుకుంటే, పొట్లం మీద ఆకారం పోల్చి చూసుకోవచ్చు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. వాటికి కొత్త పథకం అక్కర్లేదు, ఉన్నవాటిలోనే చోటుంది. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే మక్కళై తేడి మరుత్తువం 2021 ఆగస్టు 5న మొదలైంది మన జిల్లా సామనపల్లిలోనే. ఆ కార్యకర్త చేతి పుస్తకంలో "ఇనుము మాత్రలకు కుదరని రక్తహీనత" అని ఒక గడి చేర్చవచ్చు. 2022 జనవరి నుంచి జిల్లాకు సొంత ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. టైప్ 1 షుగరు పిల్లలకు, ఎదుగుదల లేని పిల్లలకు టీటీజీ పరీక్ష అక్కడ ఉచితంగా, మామూలుగా జరిగేలా చూస్తే వేలూరికో బెంగళూరుకో బస్సు ఛార్జీలు పెట్టుకొని తిరిగే అవస్థ తప్పుతుంది. 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రేషన్ బియ్యంలో రెండు కిలోలకు బదులు రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. రాగి పండించే మన జిల్లా పేరు ఆ మొదటి జాబితాలో లేదు. 2025-26కు రాగి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. మన రైతు దగ్గర కొన్న రాగి మన రేషన్ అంగట్లోకే వస్తే సీలియాక్ వాళ్ళకే కాదు, షుగరు పెద్దవాళ్ళకూ చపాతీ వెంట పడే పని తగ్గుతుంది.

బడి సంగతి ఇంకా సులువు. అల్పాహారం వండేది స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు, మన ఊరివాళ్ళే. బియ్యపు రవ్వ ఆ మొదటి పట్టికలోనే ఉంది. జబ్బు తేలిన బిడ్డ ఉన్న బడిలో ఆ బిడ్డకు వేరే గిన్నెలో బియ్యపు రవ్వ ఉప్మా, వేరే గరిటె. అది కుదరని చోట ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోనివ్వాలి, తెచ్చుకున్నందుకు పంక్తిలో వేరుగా కూర్చోబెట్టకూడదు. ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చే ఉత్తరంతో డాక్టరు కాగితం జతచేసి, బిడ్డ తినకూడనివి తమిళంలో స్పష్టంగా రాయించండి. నోటిమాట ఆయాలు మారిన రోజున మరుగున పడిపోతుంది. అంగన్‌వాడీ బిడ్డకైతే సత్తుమావుకు బదులు ఏమి ఇవ్వగలరో లిఖితంగానే అడగండి.

మిగిలింది మనవాళ్ళ మధ్య మాట. ఆడపిల్లకు ఈ జబ్బు ఉందని తేలితే సంబంధాలు తప్పిపోతాయని దాచిపెట్టే తల్లిదండ్రులు ఉంటారు. దాచిపెట్టి పంపిన పిల్ల అత్తవారింట్లో అందరితో పాటు చపాతీ తినక తప్పదు, తిన్న తర్వాత రక్తం తగ్గి, గర్భం నిలవక, ఆ నింద కూడా తనే మోయాలి. గోధుమ మానిన సీలియాక్ మనిషి అందరిలాగే చదువుతుంది, ఉద్యోగం చేస్తుంది, పిల్లల్ని కంటుంది. పెళ్ళిచూపుల్లో చెప్పవలసింది "మా అమ్మాయి గోధుమ తినదు" అన్న ఒక్క వాక్యం. ఇంకో సంగతి, ఇంట్లో ఒకరికి తేలితే తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా రక్తపరీక్ష చేయించాలి. అలాంటి దగ్గరి రక్తసంబంధీకుల్లో నూటికి ఏడెనిమిది మందిలో ఈ జబ్బు ఉంటున్నట్టు అధ్యయనాల్లో తేలింది. ఏ ఇబ్బందీ లేదని చెప్పే అన్నకు కూడా. అతను రోజూ రాత్రి పరోటా తింటున్నాడంటే పరీక్షకు అదే తగిన సమయం, ఇంకా మానలేదు కాబట్టి.